ఇందిరమ్మ ఇల్లా, డబుల్ బెడ్‌రూమా, వడ్డీ రాయితీయా: ఎవరికి ఏది నప్పుతుంది?

ప్రభుత్వ ఇంటి మాట వస్తే చాలు, మొదట వినిపించే ప్రశ్న "దేనిలో ఎక్కువ వస్తుంది?" అని. ఆ ఒక్క లెక్కే చూసుకుంటే తెలంగాణలో తేల్చడం చాలా తేలిక. డబుల్ బెడ్‌రూం ఫ్లాటు పూర్తిగా ఉచితం. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షల రూపాయలు. బ్యాంకు రుణంపై కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ మహా అయితే 1.80 లక్షలు. కాగితం మీద ఫ్లాటే గెలుస్తుంది. అయినా ఫ్లాటు వస్తుందని గంపెడాశతో ఏళ్ల తరబడి అద్దె కడుతున్నవాళ్లు ఉన్నారు. 5 లక్షలు మంజూరై కూడా పునాది దగ్గరే ఆగిపోయినవాళ్లు ఉన్నారు. రాయితీ తక్కువే అయినా సొంత గడప దాటి లోపలికి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

అందుకే నేను ఎవరికైనా ముందు వేరే ప్రశ్న వేస్తాను. ప్రభుత్వం నుంచి మొదటి రూపాయి రావడానికి ముందే మీ దగ్గర ఏమి ఉండాలి? ఇందిరమ్మ ఇంటికైతే మీ పేరున జాగా, బేస్‌మెంట్ వరకు కట్టే డబ్బు ఉండాలి. ఫ్లాటుకైతే ఎంతకాలమైనా ఎదురుచూసే ఓపిక, ఎక్కడ ఇచ్చినా వెళ్లగలిగే బతుకుతెరువు ఉండాలి. వడ్డీ రాయితీకైతే నెలనెలా వచ్చే ఆదాయం, దాన్ని నమ్మే బ్యాంకు ఉండాలి. ఈ మూడింటిలో మీ దగ్గర ఏది ఉందో అదే మీ దారి. వచ్చే మొత్తం ఎంతన్నది ఆ తర్వాతి మాట.

ఒకటి తీసుకుంటే మిగతావి మూసుకుపోతాయి

చాలామంది అన్నిటికీ దరఖాస్తు పెట్టి, ఏది ముందు వస్తే అది తీసుకుందామనుకుంటారు. దరఖాస్తు వరకు అందులో తప్పేమీ లేదు. తీసుకోవడం దగ్గరే ఆలోచించాలి. కేంద్రం వడ్డీ రాయితీ ఇచ్చేది 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద. దాని నిబంధనల ప్రకారం, దరఖాస్తు పెట్టే కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థలు నడిపిన ఏ గృహ పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. అంటే ఇవాళ ఊళ్లో ఇందిరమ్మ ఇల్లు తీసుకుంటే, నాలుగేళ్ల తర్వాత పట్నంలో ఉద్యోగం కుదిరి ఫ్లాటు కొన్నా వడ్డీ రాయితీ రాదు. ఇందిరమ్మ పథకమూ అంతే, గతంలో ప్రభుత్వ ఇల్లు పొందినవాళ్లను పక్కన పెడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006 తర్వాత నడిచిన పాత ఇందిరమ్మ పథకంలో ఇల్లు మంజూరైనట్టు రికార్డుల్లో పేరు ఉండి, నిజానికి ఇటుక కూడా పేర్చని కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఇప్పుడు దరఖాస్తు పెడితే కంప్యూటర్ ఆ పాత పేరునే చూపిస్తుంది. మీ అత్తగారి పేరునో మామగారి పేరునో అలాంటిదేమైనా ఉందేమో హౌసింగ్ కార్యాలయంలో ముందే కనుక్కోండి. జాబితా వచ్చాక తెలిస్తే దాన్ని సరిదిద్దించుకోవడానికి ఎక్కే గడప, దిగే గడప అవుతుంది.

ఇంకో అపోహ కూడా వదిలించుకోవాలి. పట్టణాల్లో ఇందిరమ్మ 5 లక్షలకు ఆవాస్ యోజన డబ్బు అదనంగా కలుస్తుందని కొందరు లెక్కలు వేసుకుంటున్నారు. కేంద్రం వాటా ఆ 5 లక్షల్లో భాగంగానే వస్తుంది, పైన కలవదు.

జాబితా అంటే క్యూ అనుకోవద్దు

సినిమా టికెట్ల వరుసలో ముందు నిలబడినవాడికి ముందు దొరుకుతుంది. ఇంటి జాబితా అలా నడవదు. తెలంగాణలో 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన సభల్లో దరఖాస్తులు తీసుకున్నారు. మొదటి రోజు ఇచ్చినవాళ్లకూ, చివరి రోజు ఇచ్చినవాళ్లకూ ఈనాటికీ తేడా లేదు. తర్వాత ఇంటింటికీ వచ్చి యాప్‌లో వివరాలు ఎక్కించి, అందరినీ మూడు జాబితాలుగా విడదీశారు. సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్‌1. జాగా, ఇల్లు రెండూ లేనివాళ్లు ఎల్‌2. ఇప్పటికే ఇల్లు ఉన్నవాళ్లు, ఇతరత్రా అర్హత కుదరనివాళ్లు ఎల్‌3.

మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. 119 నియోజకవర్గాలకు లెక్కేస్తే 4,16,500. ప్రభుత్వం అట్టిపెట్టుకున్న కోటాతో కలిపి 4.5 లక్షలు. వచ్చిన దరఖాస్తులేమో సుమారు 77 లక్షలు. మొదటి విడతలో ప్రాధాన్యం ఎల్‌1 వాళ్లకే ఇచ్చారు, ఎందుకంటే డబ్బు ఇస్తే వాళ్లు కట్టుకోగలరు. ఎల్‌2 వాళ్లకు ముందు జాగా చూపాలి, లేదా కట్టిన ఇల్లు ఇవ్వాలి. రెండూ ఏ ప్రభుత్వానికైనా ఆలస్యమయ్యే పనులే.

కాబట్టి మీరు ఏ జాబితాలో ఉన్నారో తెలుసుకోవడం, తప్పు జాబితాలో పడితే దిద్దించుకోవడం, ఇంకో కొత్త దరఖాస్తు పెట్టడం కన్నా పదింతలు విలువైన పని. నాకు తెలిసిన ఒక కుటుంబానికి ఊళ్లో 90 గజాల జాగా ఉంది. సర్వేకి వచ్చిన రోజు ఇంటావిడ పట్నంలో అద్దె ఇంట్లో ఉంది. అక్కడే వివరాలు రాసుకున్నారు, ఊళ్లో జాగా ఉందన్న మాట ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. ఎల్‌2లో పడింది. ఇంటి పన్ను రసీదు, జాగా ఫోటో పట్టుకెళ్లి ఎంపీడీవో కార్యాలయంలో అర్జీ ఇచ్చాకే మార్పు జరిగింది. ఇలాంటివి చిన్న విషయాల్లా కనిపిస్తాయి, ఇల్లు వచ్చేదీ రానిదీ వాటి దగ్గరే తేలుతుంది.

సొంత జాగా ఉంటే: ఇందిరమ్మ

జాగా ఉన్నవాళ్లకు నా సలహా సూటిగా ఇదే, దీన్నే పట్టుకోండి. అయితే 5 లక్షలు ఎప్పుడు, ఎలా చేతికి వస్తాయో తెలుసుకుని దిగండి.

పథకం మొదలైనప్పుడు ప్రకటించిన లెక్క ప్రకారం బేస్‌మెంట్ పూర్తయితే లక్ష, గోడలు లేచాక 1.25 లక్షలు, స్లాబ్ పడ్డాక 1.75 లక్షలు, ఇల్లు పూర్తయ్యాక మిగిలిన లక్ష. గ్రామాల్లో ఉపాధి హామీ పనిదినాలను కలిపేటప్పుడు ఈ విడతల మధ్య సర్దుబాట్లు ఉంటాయి కాబట్టి మీ ఊరికి వర్తించే లెక్కను హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గర కాగితం మీద రాయించుకోండి. ఏ లెక్కయినా సూత్రం ఒకటే. పని ముందు, డబ్బు తర్వాత. ముగ్గు పోసిన రోజు మీ ఖాతాలో ప్రభుత్వ డబ్బు ఒక్క రూపాయి కూడా ఉండదు.

ఉదాహరణకు చదరపు అడుగుకు 1,800 రూపాయల చొప్పున అవుతుందని మీ మేస్త్రీ చెప్పాడనుకుందాం. 400 చదరపు అడుగుల ఇంటికి 7.20 లక్షలు. ప్రభుత్వం ఇచ్చేది పోను 2.20 లక్షలు మీరు వేసుకోవాలి. అందరూ ఈ తీసివేత వరకు వచ్చి ఆగిపోతారు. అసలు బిగువు మధ్యలో ఉంటుంది. స్లాబ్ పోసిన రోజుకు మొత్తం ఖర్చులో ముప్పాతికకు దగ్గరగా అయిపోయి ఉంటుంది. అప్పటికి మీకు అందింది రెండు విడతలు, అంటే 2.25 లక్షలే. సిమెంటు కొట్టువాడు, సెంట్రింగ్ కూలీ, ఇనుము దుకాణం అందరూ ఒకేసారి ఎదురుగా నిలబడే రోజు అది. ఆ రోజుకు సుమారు 3 లక్షలు ఎక్కడి నుంచి తేవాలో ముగ్గు పోయక ముందే తేల్చుకోవాలి. మహిళా సంఘం రుణం, ఇంట్లో బంగారం, చుట్టాల చేబదులు, ఏదైనా సరే, ముందే మాట్లాడి పెట్టుకోండి. వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి ఐదు చొప్పున తెస్తే ఇల్లు పూర్తయ్యేసరికి తడిసి మోపెడవుతుంది.

కొలతల విషయంలో మొహమాటం పనికిరాదు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు వేస్తే 400. అదే వెడల్పుకు 30 అడుగుల పొడవు వేస్తే 600, అక్కడితో సరిహద్దు. "ఎలాగూ కడుతున్నాం కదా, ఇంకో గది కలుపుదాం" అని అన్నగారో బావగారో ఉచిత సలహా ఇస్తారు. విన్నారంటే బిల్లు ఆగిపోతుంది. అలా ఆగినవి చాలా ఉన్నాయి. వరండా, మెట్లు కొలతలోకి వస్తాయా అన్నది ముగ్గు పోసేటప్పుడే ఏఈని అడిగి, ఆయన చెప్పినట్టే దారం కట్టించండి. పైకి ఇంకో అంతస్తు వేసుకోవాలన్న ఆశ ఉంటే పిల్లర్లు ఇప్పుడే గట్టిగా వేయించుకోండి, గదుల కోరిక తర్వాత తీర్చుకోవచ్చు.

ప్రతి దశలోనూ సిబ్బంది వచ్చి ఫోనులో ఫోటో తీసి, జియో ట్యాగింగ్ చేస్తారు, అంటే ఆ ఫోటో ఎక్కడ తీసిందో కూడా నమోదవుతుంది. ఆ ఫోటోలో లబ్ధిదారు నిలబడాలి. ఇల్లు మంజూరయ్యేది సాధారణంగా ఇంటి ఆడవారి పేరున కాబట్టి, ఫోటో రోజున ఆమె కూలికి పోయి ఊళ్లో లేకపోతే ఆ పని మళ్లీ వాయిదా. డబ్బు ఆధార్‌కు అనుసంధానమైన ఖాతాకే వెళ్తుంది. చాలామందికి రెండు మూడు ఖాతాలుంటాయి, ఎప్పుడో గ్యాస్ రాయితీ కోసం తెరిచి మరిచిపోయిన దానికి ఆధార్ ముడిపడి ఉంటుంది. బిల్లు పడలేదని నెల రోజులు గొడవ పడ్డాక, అది ఆ పాత ఖాతాలో పడిందని తేలిన సందర్భాలు తక్కువేమీ కావు. బ్యాంకుకు వెళ్లి ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ఆధార్ మీద వచ్చే డబ్బు చేరే ముడి, ఏ ఖాతాకు ఉందో అడిగితే ఐదు నిమిషాల్లో చెబుతారు.

జాగా కాగితాల సంగతి. ఊళ్లలో గ్రామకంఠం జాగాలకు రిజిస్ట్రేషన్ కాగితాలు చాలావరకు ఉండవు, ఇంటి నంబరు, పన్ను రసీదు, కరెంటు బిల్లులే ఆధారం. జాగా మామగారి పేరున ఉండి ఆయనకు ముగ్గురు కొడుకులుంటే అసలు కథ అప్పుడు మొదలవుతుంది. మిగతా ఇద్దరూ ఇవాళ నోటిమాటగా సరేనంటారు. స్లాబ్ పడే సమయానికి ఎవరో ఒకరికి వాటా గుర్తొస్తుంది. పంపకం కాగితం రాయించుకోవడానికి అయ్యే ఖర్చు మొత్తం ఇంటి ఖర్చులో ఏ మూలకూ రాదు. దాన్ని వాయిదా వేయకండి. మంజూరు పత్రం అందాక 45 రోజుల్లో పని మొదలుపెట్టకపోతే రద్దవుతుందని ప్రభుత్వం చెప్పింది. అన్నదమ్ముల పంచాయితీ 45 రోజుల్లో తెగదు.

జాగా లేకపోతే: ఫ్లాటు కోసం ఎదురుచూపు

డబుల్ బెడ్‌రూం పథకానికి మంచి ముఖమూ ఉంది, మరో ముఖమూ ఉంది. మంచి ముఖం చూడాలంటే సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీకి వెళ్లాలి. పాత ఇళ్లు తీసేసి, అదే చోట 396 ఇళ్లు కట్టి, 2015 నవంబరులో అక్కడివాళ్లకే ఇచ్చారు. ఇల్లు మారింది కానీ బడి, పని, కిరాణా కొట్టు, చుట్టాలు ఏవీ మారలేదు. రెండో ముఖం కొల్లూరు. 2023 జూన్‌లో ప్రారంభించిన ఆ కాలనీలో ఒకే చోట 15,660 ఫ్లాట్లు. ఒక్కొక్కటి 560 చదరపు అడుగులు, రెండు పడకగదులు, హాలు, వంటగది. గోడలకు వంక పెట్టడానికి లేదు. కానీ అది సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, నగరం నడిబొడ్డు నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరం. నగరం మధ్యలో నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఆడమనిషికి ఆర్టీసీ బస్సు ఉచితమే అయినా, ప్రయాణానికి పోయే గంటల్లో కనీసం రెండిళ్ల పని పోతుంది. అలా పోయిన పని నెలకు 5,000 అనుకుంటే, అది ఒక చిన్న గది అద్దెతో సమానం. ఉచిత ఫ్లాటులో అద్దె కడుతున్నట్టే లెక్క.

ఈ కారణంగానే ఇచ్చిన ఫ్లాట్లకు తాళాలు పడటం, వేరేవాళ్లు అద్దెకు ఉండటం అధికారుల తనిఖీల్లో కనిపిస్తూ వచ్చింది. ఈ ఫ్లాట్లను అమ్ముకోవడానికి, అద్దెకివ్వడానికి వీల్లేదు. పట్టుబడితే రద్దు చేస్తారు. "తీసుకుని అద్దెకిద్దాం, ఇక్కడే ఉందాం" అన్న ఆలోచన ఉంటే ముందే మానుకోండి. ఇల్లూ పోతుంది, లబ్ధి పొందినట్టు రికార్డు మాత్రం మిగులుతుంది.

హైదరాబాద్ పరిధిలో ఫ్లాట్లను లాటరీ తీసి కేటాయించారు. లాటరీలో ఓపికకు మార్కులుండవు. పదేళ్లుగా చూస్తున్నవాళ్లకూ, నిన్న పేరు చేరినవాళ్లకూ అవకాశం ఒకటే. ఇంకో మాట, ఏ అంతస్తు వస్తుందో కూడా మన చేతిలో ఉండదు. తొమ్మిదో అంతస్తులో లిఫ్టు ఆగిపోతే మోకాళ్ల నొప్పులున్న ముసలావిడ పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. లిఫ్టు, నీటి మోటారు, మెట్ల లైట్ల ఖర్చు నివాసులే వేసుకోవాల్సిన కాలనీల్లో నెలనెలా వసూలు చేసే సంఘం గట్టిగా లేకపోతే, మూడేళ్లకే భవనం కళ తప్పుతుంది.

ఇన్ని చెప్పాక కూడా, జాగా లేక, బ్యాంకు రుణం పుట్టే ఆదాయం లేక, రోజుకూలితో బతికే కుటుంబానికి ఇదే దారి. ఎదురుచూడటం తప్పదు. అయితే ఇల్లు వస్తుందన్న నమ్మకంతో ఇప్పటి జీవితాన్ని ఆపేయకూడదు. అద్దె ఎక్కువున్న చోటే ఉండిపోవడం, పిల్లల బడి మార్చకపోవడం, ఊళ్లో చిన్న జాగా తక్కువకు వస్తున్నా వదులుకోవడం, ఇవన్నీ ఆ నమ్మకం చేయించే పనులు. ఊళ్లో 80 గజాలు కొనగలిగే స్థితి ఉంటే, ఎల్‌2లో కూర్చోవడం కన్నా అది కొని ఎల్‌1కు మార్పించుకోవడం మేలని నా అభిప్రాయం. పని పట్నంలోనే కదా అంటారు. నిజమే. కానీ ముసలితనంలో పట్నం మనల్ని ఉండనివ్వదు.

జీతం వచ్చేవాళ్లకు: వడ్డీ రాయితీ

దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, ఎందుకంటే సభల్లో పంచే పత్రాలుండవు. కుటుంబ వార్షికాదాయం 9 లక్షల లోపు ఉండాలి. ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు దాటకూడదు. లోపలి విస్తీర్ణం 120 చదరపు మీటర్ల వరకు, అంటే దాదాపు 1,290 చదరపు అడుగులు. రుణం 2024 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ మంజూరై ఉండాలి. రుణంలో మొదటి 8 లక్షల మీద, 12 ఏళ్ల కాలానికి లెక్కేసి, 4 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. మొత్తం గరిష్ఠంగా 1.80 లక్షలు, ఏటా ఒకటి చొప్పున ఐదు వాయిదాల్లో, అంటే వాయిదాకు 36,000. అది మీ రుణఖాతాలో జమ అవుతుంది, చేతికి రాదు.

ఇందులో మెలిక, ప్రతి వాయిదా విడుదలయ్యే నాటికి రుణం సక్రమంగా నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ మిగిలి ఉండాలి. ఊళ్లో పొలం అమ్మిన డబ్బుతో మూడో ఏటనే అప్పు తీర్చేద్దామనుకునేవాళ్లు ఈ లెక్క చూసుకుని తీర్చండి. రెండు కంతులు ఎగ్గొట్టినవాళ్లకూ ఇబ్బందే.

20 లక్షల రుణం, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 18,000 కంతు. మీరు ఇప్పుడు 9,000 అద్దె కడుతుంటే అదనంగా ఇంకో 9,000 దొరకాలి. దొరకదు అనుకుంటే రాయితీ కోసం అప్పులోకి దూకవద్దు. ఏటా 36,000 అంటే నెలకు 3,000 సాయం, అదీ ఐదేళ్లే. అది కంతు భారాన్ని కొంత తగ్గించగలదు, మోయలేనిదాన్ని మోయించలేదు.

హైదరాబాద్‌లో 35 లక్షల లోపు, కాగితాలన్నీ సరిగ్గా ఉండి, బ్యాంకు ఒప్పుకునే ఇల్లు దొరకడం కష్టం. శివార్లలో దొరికినా అనుమతులు లేని కట్టడాలే ఎక్కువ. వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్ లాంటి చోట్ల వెతికితే దొరుకుతాయి. ప్రైవేటు ఉద్యోగులు, చిన్న దుకాణదారులు, భార్యాభర్తలిద్దరూ సంపాదించేవాళ్లు, ఎల్‌3లోకి నెట్టేసిన అద్దె కుటుంబాలు తప్పక చూడాల్సిన దారి ఇది. దీనికి నియోజకవర్గ కోటా లేదు, లాటరీ లేదు. ఎల్‌2లో ఉండి నెలకు 5,000 అద్దె కట్టే కుటుంబం మూడేళ్లు ఎదురుచూస్తే అద్దెకు పోయేది 1.80 లక్షలు. ఈ రాయితీ మొత్తం అంతే కదా. ఎదురుచూపు ఉచితం కాదని గుర్తుంచుకుంటే పోలిక సరిగ్గా కుదురుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే

అక్కడ పోలిక వేరు. ప్రధానంగా ఇంటి స్థలమా, టిడ్కో (పట్టణాల్లో ఫ్లాట్లు కట్టే ప్రభుత్వ సంస్థ) ఇల్లా అన్నది ప్రశ్న. 2025లో వచ్చిన విధానం ప్రకారం అర్హులకు గ్రామాల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు. సెంటంటే 48.4 చదరపు గజాలు కాబట్టి పల్లెలో 145 గజాలు, పట్నంలో 97 గజాలు. 2020 డిసెంబరులో మొదలైన పంపిణీలో ఇచ్చింది ఊళ్లలో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. దానితో పోలిస్తే ఇది రెట్టింపు. మాగాణి రెండున్నర ఎకరాలు, మెట్ట ఐదెకరాలు దాటినవాళ్లకు వర్తించదు. దరఖాస్తు గ్రామ, వార్డు సచివాలయంలోనే.

స్థలం తీసుకునేటప్పుడు పట్టా కన్నా ముందు పొలిమేర చూడండి. వానాకాలంలో ఒకసారి వెళ్లి నిలబడితే లేఅవుట్ గురించి ఎవరూ చెప్పని సంగతులు అర్థమవుతాయి. నీళ్లు నిలిచే చోట మెరక తోలించడానికే సాయం డబ్బు సగం పోతుంది. టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో ఉన్నాయి. పట్టణం లోపలే పని ఉన్న చిన్న కుటుంబానికి అవి నప్పుతాయి. అయితే పెద్ద రెండు రకాలకు బ్యాంకు రుణం ముడిపడి ఉంది. ఇల్లు చేతికి రాకముందే కంతు మొదలవుతుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోకుండా సంతకం పెట్టవద్దు. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి 300 అడుగులు చాలవు. వాళ్లు స్థలం కోసమే ప్రయత్నించడం మంచిది.

పేరు చేరాక చేయాల్సిన పనులు

రేషన్ కార్డు ముందు సరిచూసుకోండి. పెళ్లయిన కొడుకు, కోడలు ఇంకా తల్లిదండ్రుల కార్డులోనే ఉంటే వేరే కుటుంబమని నిరూపించుకోవడం కష్టం. ఆధార్‌లో ఇంటిపేరు పుట్టింటిది, కార్డులో అత్తింటిది ఉంటే సర్వే యాప్ ఇద్దరు మనుషులనుకుంటుంది. అద్దె ఇల్లు మారినప్పుడు ఫోను నంబరు మార్చకండి. మారిస్తే దరఖాస్తులోనూ మార్పించండి. ప్రజాపాలన రసీదును ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి.

"పేరు పైకి తెస్తాను" అని డబ్బు అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. జాబితాల్లో పైకి కిందికి లేదని, ఉన్నది ఏ జాబితా అన్నదేనని పైన చెప్పుకున్నాం, కాబట్టి వాళ్లు అమ్మేది లేని సరుకు. అధికారే అడిగితే ఏసీబీ 1064కు ఫోను చేయవచ్చు.

తెలంగాణలో అర్జీకి జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంది, హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో జరుగుతుంది. "నాకు ఇల్లు ఇప్పించండి" అని రాస్తే ఆ కాగితం కట్టల్లో కలిసిపోతుంది. "నా దరఖాస్తు నంబరు ఇది, నన్ను ఎల్‌2లో చూపారు, నాకు ఫలానా ఊళ్లో జాగా ఉంది, ఆధారం జతచేశాను, పునఃపరిశీలించండి" అని రాస్తే ఎవరో ఒకరు సమాధానం చెప్పాల్సి వస్తుంది.

అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలకు మించని ఫీజుతో, తెల్లకార్డు ఉంటే అదీ లేకుండా, మూడు ప్రశ్నలు వేయండి. నా దరఖాస్తును ఏ తేదీన, ఎవరు క్షేత్రస్థాయిలో పరిశీలించారు? నన్ను ఏ జాబితాలో, ఏ కారణంతో ఉంచారు? మా గ్రామంలో లేదా వార్డులో ఇప్పటివరకు మంజూరైనవారి జాబితా ప్రతి ఇవ్వండి. సమాధానానికి 30 రోజుల గడువు, రాకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. మూడో ప్రశ్నకు వచ్చే జాబితాను ఇంట్లో పెట్టుకోకుండా వీధిలో నలుగురికీ చూపించండి. ఎవరికి జాగా ఉందో, ఎవరికి మేడ ఉందో ఊరివాళ్లకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.